బ్యాలే స్కూల్‌లో ఏడాది పొడవునా శిక్షణ: పిల్లని చేర్చే ముందు ఏమేం చూడాలి? బరంపురం వైపు తెలుగు తల్లిదండ్రులకు

మన బరంపురంలో బ్యాలే అనగానే స్కూల్ వార్షికోత్సవంలో వేసే నృత్యరూపకం గుర్తుకొస్తుంది. మనవరాలు బ్యాలే నేర్చుకుంటుందంటే మా అత్తయ్యగారు "కృష్ణుడి వేషమా, గోపిక వేషమా?" అని ఎంతో సంతోషంగా అడిగారు. తెలుగులో నృత్యనాటికను బ్యాలే అనడం పాత అలవాటే. నేను రాస్తున్నది మాత్రం యూరప్ నుంచి వచ్చిన క్లాసికల్ బ్యాలే గురించి. గోడ పక్కన కమ్మీ పట్టుకుని సాధన మొదలుపెట్టి, కొన్నేళ్ల తర్వాత వేళ్ల కొసల మీద నిలబడి చేసే నాట్యం అది. ఈ తేడా ఇంట్లో అందరికీ ముందే చెప్పండి. ఇది ఎనిమిది, పదేళ్ల పని. మధ్యలో ఇంట్లోవాళ్ల మద్దతు లేకపోతే పిల్ల ఒంటరిదైపోతుంది.

సరదాగా వారానికి రెండు రోజులు నేర్చుకునే క్లాసుకు ఇంత పరిశీలన అక్కర్లేదు. పెద్దయ్యాక ఇదే వృత్తి కావాలనుకునే పిల్లల కోసం ఏడాది పొడవునా నడిపే శిక్షణ గురించే ఈ మార్గదర్శి. అలాంటిది వెతుక్కుంటూ మనం ముంబై, ఢిల్లీ, బెంగళూరు వైపు వెళ్లాల్సిందే. కోణార్క్ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే ముంబైకి ఒకటిన్నర రోజు పడుతుంది. వారం వారం వెళ్లి చూసి రాగలిగే దూరం కాదు. అందుకే చేర్చే ముందే గట్టిగా చూసుకోవాలి. పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ వాళ్లకు ఇది ఇంకా ఎక్కువ వర్తిస్తుంది.

నేను మొదటిసారి చూసుకోలేదు. మా అమ్మాయికి పదేళ్లప్పుడు ఒక డ్యాన్స్ స్కూల్లో చేర్చాం. ఆరు నెలలు తిరక్కుండానే పాయింట్ షూస్, అంటే వేళ్ల కొసల మీద నిలబడడానికి వేసుకునే గట్టి ముక్కు బూట్లు, తొడిగించి స్టేజీ ఎక్కించారు. ఫోటోలు చూసి అందరం మురిసిపోయాం. ఆ తర్వాత చీలమండ నొప్పితో మూడు నెలలు విశాఖపట్నంలో ఫిజియోథెరపీ చుట్టూ తిరిగాం. అడగాల్సిన ప్రశ్నలన్నీ అప్పుడు తెలుసుకున్నాను. పదమూడో ఏట వేరే స్కూల్లో చేర్చేముందు వాటన్నింటినీ ఒక నోట్‌బుక్‌లో రాసుకుని వెళ్లాను.

మొదట: పోయిన ఏడాది క్యాలెండర్ అడగండి

"ఏడాది పొడవునా" అన్న మాటను పన్నెండు నెలలుగా విడదీసి చూడాలి. రాబోయే ఏడాది ప్లాన్ ఎవరైనా అందంగా ప్రింట్ చేసి ఇస్తారు. మనకు కావాల్సింది పోయిన ఏడాది నిజంగా నడిచిన టైమ్‌టేబుల్. అది ఇవ్వడానికి స్కూల్ వెనకాడితే, ఇప్పటికే చదువుతున్న ఇద్దరు ముగ్గురు పిల్లల తల్లిదండ్రులను అడిగి మీరే నెలలవారీగా రాసుకోండి.

నోట్‌బుక్‌లో నెలకో వరుస గీసి వారానికి ఎన్ని గంటలు దేనికి పోతున్నాయో వేయండి. బ్యాలే టెక్నిక్ క్లాసు ఎంత, పాయింట్ ఎంత, కండరాల బలం కోసం చేయించేది ఎంత, షో రిహార్సల్ ఎంత, కంటెంపరరీ లాంటి ఇతర నాట్యం ఎంత, విశ్రాంతి ఎంత. ఇలా వేస్తే బ్రోషర్‌లో కనపడనివన్నీ బయటపడతాయి. మా పాత స్కూల్‌కి ఈ లెక్క నేను తర్వాత వేసి చూసుకున్నాను. దసరా దాటాక డిసెంబర్ చివరి వరకు టెక్నిక్ క్లాసు లేనే లేదు. మూడు నిమిషాల ఒక్క ఐటెమ్‌నే మూడు నెలలు రుద్దారు. ఫీజు మాత్రం పన్నెండు నెలలకూ కట్టాం.

షో ఉండడం తప్పు కాదు. స్టేజీ అనుభవం కావాలి. కాకపోతే రిహార్సల్ రోజుల్లో కూడా ముందు పూర్తి క్లాసు జరగాలి, ఆ తర్వాతే రిహార్సల్. మంచి స్కూళ్లలో ఇది పద్ధతి. దీని మీద సూటిగా అడగండి: "షోకి ముందు నెలలో వారానికి ఎన్ని టెక్నిక్ క్లాసులు జరిగాయి?"

గంటలు ఎక్కువుంటే మంచి స్కూల్ అనుకోకండి. పది, పన్నెండేళ్ల పిల్లకు వారంలో నాలుగైదు రోజులు, రోజుకు గంటన్నర క్లాసు దాని పక్కన కొంచెం బలం పెంచే వ్యాయామం ఉంటే నా దృష్టిలో సరిపోతుంది. పద్నాలుగు దాటాక అది వారంలో ఐదారు రోజులు, రోజుకు మూడు నాలుగు గంటల దాకా వెళ్లొచ్చు. ఈ పెరుగుదల ఏటేటా మెట్లు మెట్లుగా ఉందా, లేక చేరిన మొదటి నెలనుంచే పదకొండేళ్ల పిల్లకు పదహారేళ్ల పిల్ల టైమ్‌టేబుల్ ఇస్తున్నారా అన్నది చూడండి.

విశ్రాంతి కూడా శిక్షణలో భాగమే. వారంలో ఒక రోజు పూర్తి సెలవు ఉండాలి. ఏడాదిలో ఒకటి రెండు సార్లు రెండు మూడు వారాలు ఏకధాటిగా సెలవు ఉండాలి. తిరిగొచ్చిన మొదటి వారం ఏం చేయిస్తారో కూడా అడగండి. సెలవుల తర్వాత మొదటి రోజే పెద్ద గెంతులు, పాయింట్ చేయిస్తే దెబ్బలు తగిలేది అప్పుడే. మన ఇళ్లల్లో రెండేళ్లకోసారి ఠాకురాణి యాత్రకు పిల్లలు ఉండాలని పెద్దవాళ్లు కోరుకుంటారు. ఆ సెలవు ఇస్తారా, ఇస్తే పోయిన క్లాసులు ఎలా భర్తీ చేస్తారు అని ముందే మాట్లాడుకుంటే తర్వాత టెన్షన్ ఉండదు.

తర్వాత: మామూలు రోజున వెళ్లి క్లాసులో కూర్చోండి

వార్షికోత్సవం చూసి నిర్ణయం తీసుకోకండి. మన ఊళ్లో పట్టుచీర కొనేవాళ్లు కొంగు ఒక్కటే చూసి డబ్బులివ్వరు కదా. చీర తిరగేసి వెనక పోగులు ఎలా ఉన్నాయో చూస్తారు. స్కూల్‌కి ఆ వెనక వైపు ఏ షో లేని నెలలో ఒక మంగళవారం జరిగే క్లాసు. "ఫలానా రోజు రండి" అని వాళ్లు చెప్పిన రోజుతో పాటు మరో రోజు కూడా అడగండి.

క్లాసు ఎలా నడుస్తుందో కొంచెం తెలుసుకుని వెళ్తే మంచిది. మొదట కమ్మీ దగ్గర సాధన. దాన్ని బార్ అంటారు. ప్లియే అంటే మోకాళ్లు వంచి లేవడం, తాందూ అంటే పాదాన్ని నేలకు రాస్తూ చాచడం. అక్కణ్నుంచి కాలును అర్ధచంద్రంలా తిప్పే రోన్ ద జాంబ్, చివర్లో కాలు పైకి విసిరే గ్రాన్ బాట్‌మాన్. గంటన్నర క్లాసులో దీనికి ముప్పావు గంట దాకా పడుతుంది. ఆ తర్వాత గది మధ్యకొచ్చి నెమ్మదైన కదలికలు, తిరుగుళ్లు, చిన్న గెంతులు, చివరికి పెద్ద గెంతులు. ఆఖర్న టీచర్‌కు వంగి నమస్కారం. బార్‌ను పది నిమిషాల్లో ముగించి పెద్ద గెంతులకు పోతున్నారంటే ఆ క్లాసు చూడడానికి బాగుంటుంది గానీ ఒళ్లు తయారవదు.

బ్యాలే రాని మనం కూడా చూసి పట్టుకోగలిగినవి కొన్ని ఉన్నాయి. పిల్లలు ప్లియే చేస్తున్నప్పుడు మోకాళ్లు పాదం వేళ్ల దిశలోనే వంగుతున్నాయా చూడండి. పాదాలు రెండూ బయటికి తిరిగి ఉంటాయి. ఆ తిరగడం తుంటి దగ్గర నుంచి రావాలి. పాదం బొటనవేలి వైపు లోపలికి వాలిపోయి, మోకాలు ముందుకు చూస్తుంటే, తుంటి నుంచి రావాల్సింది మోకాలి దగ్గర మెలిపెట్టి తెస్తున్నారని అర్థం. ఒకరిద్దరు పిల్లలు అలా చేస్తే పర్వాలేదు, నేర్చుకుంటున్నారు. టీచర్ చూసి కూడా దిద్దకపోతే, క్లాసంతా అలాగే ఉంటే, అక్కడ మీ పిల్ల మోకాళ్లు పెట్టకండి. మోకాళ్లు పక్కలకు వంచి నిలబడే ఒడిస్సీ చౌకంలో, కూచిపూడి అరమండిలో కూడా జరిగే తప్పే ఇది కాబట్టి మన వైపు చాలామంది తల్లులు వెంటనే గుర్తుపడతారు.

గెంతుల వేళ ఒక నిమిషం కళ్లు మూసుకుని వినండి. బాగా నేర్చుకున్న పిల్లలు నేల మీదికి దిగితే చప్పుడు చాలా తక్కువ. వేళ్ల ముందు భాగం, మధ్య పాదం, మడమ వరసగా ఆనుతాయి, మోకాలు వంగి బరువును మింగుతుంది. దబ్ దబ్ అని వినిపిస్తుంటే ఆ దెబ్బంతా ఎముకలకు పోతోంది.

ఇక టీచర్. ఎంత బాగా చేసి చూపిస్తారన్నది నాకు ముఖ్యం కాలేదు. పేరు పెట్టి పిలిచి దిద్దుతున్నారా, దిద్దిన పిల్ల దగ్గరికి ఇరవై నిమిషాల తర్వాత మళ్లీ చూపు వెళుతోందా, వెనక వరసలో పిల్లలకు ఒక్క మాటైనా దక్కిందా అని లెక్క పెట్టాను. నేను చూసిన ఒకచోట పద్దెనిమిది మంది పిల్లల్లో ముందు వరస ఐదుగురికే మాటలన్నీ పోయాయి. ఆ ఐదుగురి వీడియోలే వాళ్ల ప్రచారంలో ఉన్నాయి.

వీలైతే అన్ని స్థాయిల క్లాసులూ చూడండి. చిన్నపిల్లల క్లాసు ముచ్చటగా ఉంటుంది, దాన్ని బట్టి ఏమీ చెప్పలేం. పదహారేళ్ల పిల్లల క్లాసు చూస్తే ఆ స్కూల్ ఆరేడేళ్లలో ఏం చేసిందో కనపడుతుంది. పెద్ద క్లాసులో పిల్లలు ఎక్కువమంది మధ్యలో బయట నుంచి వచ్చి చేరినవాళ్లేనా, మొదట్నుంచీ అక్కడ పెరిగినవాళ్లా అని కూడా అడగండి.

నేల

దీన్ని చాలామంది పట్టించుకోరు. సిమెంటు మీద టైల్స్, గ్రానైట్, లేదా సిమెంటు మీద నేరుగా పరిచిన వినైల్ షీటు బ్యాలే గెంతులకు పనికిరావు. కింద గాలి ఆడేలా అమర్చిన చెక్క, దాని మీద జారని వినైల్ ఉండాలి. దాన్ని స్ప్రంగ్ ఫ్లోర్ అంటారు. పిల్లలు గెంతుతున్నప్పుడు పక్కన నిలబడితే మీ పాదాలకు నేల కొంచెం ఊగినట్టు తెలియాలి. మడమతో కొట్టి చూస్తే బోలు చప్పుడు రావాలి, రాయిలా కాదు. ముంబై లాంటి సముద్రపు ఊళ్లలో, మన గోపాలపురం గాలి లాగే, వానాకాలం తేమకు నేల జారుతుంది. అలాంటి రోజుల్లో ఏం చేస్తారో అడగండి. పిక్క ముందు ఎముక నొప్పి ఒక్క పిల్లకు వస్తే అది ఆ పిల్ల సమస్య కావచ్చు. క్లాసులో సగం మందికి ఉంటే ముందు నేలనే అనుమానించాలి.

ఏ పద్ధతి, ఏ సర్టిఫికెట్

రష్యన్ వాగనోవా పద్ధతి, ఇటలీ నుంచి వచ్చిన చెకెట్టి పద్ధతి, లండన్ రాయల్ అకాడమీ ఆఫ్ డ్యాన్స్ సిలబస్, ఇలా రకాలున్నాయి. సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో 1738లో మొదలైన స్కూలే ఇప్పుడు అగ్రిప్పినా వాగనోవా పేరుతో నడుస్తోంది. అక్కడ పూర్తి కోర్సు ఎనిమిదేళ్లు. ఏ పద్ధతైనా బాగా చెబితే మంచిదే. రెండు నెలలకో పద్ధతి మార్చే చోట పిల్ల అయోమయంలో పడుతుంది.

సర్టిఫికెట్ల విషయంలో ఒక తేడా తెలుసుకోండి. రాయల్ అకాడమీ పరీక్షల్లో గ్రేడ్ 1 నుంచి 8 వరకు ఒక దారి. వృత్తి వైపు వెళ్లేవాళ్లకు వొకేషనల్ దారి వేరే ఉంది. అందులో ఇంటర్మీడియట్ ఫౌండేషన్‌కు కనీస వయసు 11, ఇంటర్మీడియట్‌కు 12, అడ్వాన్స్‌డ్ ఫౌండేషన్‌కు 13. "మా పిల్లలందరూ డిస్టింక్షన్" అంటే ఏ దారిలో, ఏ స్థాయిలో అని అడగాలి.

పాయింట్ షూస్ ఎప్పుడు ఇస్తారు?

ఈ ఒక్క ప్రశ్నకు వచ్చే జవాబుతో సగం నిర్ణయం చేసుకోవచ్చు. సరైన జవాబులో వయసు ఒక్కటే ఉండదు. పాదం, చీలమండ తగినంత చాచగలగాలి, నడుము, పొట్ట కండరాలు గట్టిగా ఉండాలి, ఒంటికాలి మీద ఊగకుండా నిలబడగలగాలి, వెనక ఏళ్ల సాధన ఉండాలి. నాట్యకారుల వైద్యం మీద పనిచేసే అంతర్జాతీయ సంఘం సూచనల ప్రకారం 12 ఏళ్ల ముందు వద్దు, వారానికి ఒక్క క్లాసే చేసే పిల్లకు అసలు వద్దు. వారానికి రెండు క్లాసులు చేస్తూ, శరీరం అన్ని విధాలా సిద్ధంగా ఉన్న పిల్లకు నాలుగో ఏడాది శిక్షణలో మొదలుపెట్టొచ్చు.

"మీ పాప ముందుకు వెళ్లాలనుకుంటే ఇప్పుడే వేసేద్దాం" అన్నవాళ్ల మాట నేను ఒకసారి నమ్మాను. కొత్త స్కూల్లో మేడమ్‌ని అదే అడిగితే, "అమ్మా, ముందు నేను ఆరు నెలలు తన పాదాలు చూడాలి. తర్వాత మా ఫిజియో చూస్తారు. అప్పటిదాకా తారీఖు చెప్పను" అన్నారు. ఆ జవాబు విన్నాకే నాకు ధైర్యం వచ్చింది.

ఎదిగే ఒళ్లు, తిండి, నొప్పి

ఆడపిల్లలకు సుమారు 11 నుంచి 13 ఏళ్ల మధ్య, మగపిల్లలకు దాదాపు రెండేళ్లు ఆలస్యంగా ఎత్తు ఒక్కసారిగా పెరుగుతుంది. ఎముకలు ముందు పొడవవుతాయి, కండరాలు వెనకపడతాయి. నిన్నటిదాకా సులువుగా లేచిన కాలు లేవదు, బ్యాలెన్స్ పోతుంది, మోకాలి కింద నొప్పి వస్తుంది. ఆ కొన్ని నెలలు గెంతులు తగ్గించి ఓపిక పట్టే టీచర్ కావాలి. "బద్ధకం పెరిగింది" అనే టీచర్ చేతిలో మంచి పిల్లలు ఆ వయసులోనే మానేస్తారు.

అందరి ముందు బరువు తూచే స్కూల్, అన్నం మానెయ్యమనే స్కూల్ వద్దు. ఇందులో నేను రాజీ పడలేను. ఖర్చయ్యే శక్తికి తగ్గ తిండి లేకపోతే నెలసరి ఆగిపోవడం, ఎముకలు బలహీనపడి సన్నగా చిట్లడం జరుగుతాయి. అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ 2014లో దీనికి రెడ్-ఎస్ అని పేరు పెట్టి క్రీడాకారులందరినీ హెచ్చరించింది. మూడు నెలలు వరసగా నెలసరి రాకపోతే డాక్టర్ దగ్గరికి వెళ్లాల్సిందే, "డ్యాన్స్ పిల్లలకు మామూలే" అన్న మాట వినకండి. హాస్టల్‌లో ఒక రోజు పూటపూటా ఏం పెడతారో మీరూ తిని చూడండి. మన పిల్లలకు అన్నం, పప్పు, పెరుగు, గుడ్డు, చేప అలవాటు. అవి చెడ్డ తిండి కావు, నాట్యానికి కావాల్సిన బలమే.

నొప్పి గురించి పిల్లలనే అడగండి: "నొప్పి వస్తే ఏం చేస్తారు?" "కూర్చుని క్లాసు చూసి నోట్స్ రాసుకుంటాం" అంటే బాగుంది. ఒకరి మొహం ఒకరు చూసుకుంటే కూడా జవాబు దొరికినట్టే.

భద్రత

బ్యాలేలో చేత్తో తాకి దిద్దడం ఉంటుంది. అడిగి తాకుతారా, పిల్ల వద్దంటే మాటతో చెబుతారా అని ముందే తెలుసుకోండి. క్లాసు గదికి బయటి నుంచి కనపడే కిటికీ ఉండాలి. ఒంటరి క్లాసు తలుపులు మూసి జరగకూడదు. సిబ్బందికి పోలీస్ వెరిఫికేషన్ ఉందా, ఫిర్యాదు ఎవరికి చేయాలి అన్నది పేరుతో సహా రాసి ఇవ్వమనండి. ఇంట్లో తెలుగు, వీధిలో ఒడియా మాట్లాడే మన పిల్లకు కొత్త ఊళ్లో కష్టం చెప్పుకునే భాష కూడా ఉండదు. రోజూ ఫోన్‌లో మాట్లాడే సమయం కచ్చితంగా అడిగి పెట్టించుకోండి.

చదువు

తొమ్మిదో తరగతిలో బోర్డు రిజిస్ట్రేషన్ అయ్యాక ఒడిశా బోర్డు నుంచి మారడం కష్టం. వెళ్లేదుంటే ఎనిమిది పూర్తయ్యేలోపు తేల్చుకోండి. ఎన్ఐఓఎస్, అంటే జాతీయ ఓపెన్ స్కూల్, ఇలాంటి పిల్లలకు మంచి దారి. పదో తరగతి పరీక్షకు కనీసం 14 ఏళ్లుండాలి, పరీక్షలు ఏప్రిల్-మేలో ఒకసారి, అక్టోబర్-నవంబర్‌లో ఒకసారి జరుగుతాయి. అయితే రోజులో చదువుకు ఎన్ని గంటలు ఖాళీ ఉందో ఆ నోట్‌బుక్‌లోనే చూసుకోండి. ఓపెన్ స్కూల్ అని పుస్తకాలు పెట్టెలో మూలకు పడేస్తే కాలు దెబ్బతిన్న రోజున పిల్ల చేతిలో ఏమీ మిగలదు.

డబ్బు, పై దారి

ఫీజు కాగితం మీద లేని ఖర్చులు రాసుకోండి. పాయింట్ షూస్ జత కొన్ని వేల రూపాయలు, సాధన పెరిగిన కొద్దీ అవి కొన్ని వారాలకే మెత్తబడి పనికిరాకుండా పోతాయి. కాస్ట్యూమ్, పరీక్ష ఫీజు, పోటీలు, విదేశీ టీచర్ల వర్క్‌షాప్‌లు విడిగా ఉంటాయి. దెబ్బ తగిలి రెండు నెలలు ఇంటికి వస్తే ఫీజు ఏమవుతుంది, మధ్యలో మానేస్తే ఎంత తిరిగి ఇస్తారు అన్నవి కాగితం మీద ఉండాలి.

వెనకటి పిల్లలు ఎక్కడున్నారో అడిగేటప్పుడు ఒకే ఒక్క పేరు చెబితే ఆగకండి. ఢిల్లీలో ఈ-రిక్షా నడిపే తండ్రి కొడుకు కమల్ సింగ్ 2020లో లండన్‌లోని ఇంగ్లిష్ నేషనల్ బ్యాలే స్కూల్‌కు వెళ్లాడు. బ్యాలే మొదలుపెట్టింది 17 ఏళ్లకు. ఆ ఖర్చుకు ఎంతోమంది చందాలు ఇచ్చారు. అది చదివితే నాకు ఇప్పటికీ కళ్లు చెమ్మగిల్లుతాయి. కానీ మనం అడగాల్సింది అతనితో పాటు అదే ఏడాది నేర్చుకున్న మిగతా పిల్లల గురించి. ఎంతమంది నాట్యంలో ఉన్నారు, ఎంతమంది టీచర్లయ్యారు, ఎంతమంది మానేశారు. మన దేశంలో బ్యాలే మీదే జీతం ఇచ్చే కంపెనీలు చాలా తక్కువ. ఈ సంగతి పిల్లకు ముందే చెప్పే స్కూల్‌ను నేను గౌరవిస్తాను.

చివరగా: కొన్నాళ్లు ఉంచి చూడండి

ఏడాది ఫీజు ఒకేసారి కట్టకుండా రెండు వారాలు క్లాసులు చేయనిమ్మని అడగండి. ఆ రెండు వారాలు ఇంట్లోంచి ఒకరు ఆ ఊళ్లోనే ఉండాలి. మా అమ్మాయికి మా తమ్ముడు తోడున్నాడు. సాయంత్రం పిల్ల తిండి తింటోందా, నిద్ర పడుతోందా, మర్నాడు వెళ్లాలని ఉందా అన్నవి అతను రోజూ రాశాడు.

చేరాక ప్రతి మూడు నెలలకూ ఒకే కోణం నుంచి, బార్ దగ్గర అదే ప్లియే, అదే తాందూ వీడియో తీసి పంపించమనండి. ఏడాదిలో నాలుగు వీడియోలు పక్కపక్కన పెట్టి చూస్తే మోకాళ్లు ఎటు వంగుతున్నాయో మనకే తెలుస్తుంది. వచ్చే ఏడాది ఫీజు కట్టాల్సిన తేదీకి నెల ముందు నోట్‌బుక్ తీసి, నిజంగా జరిగిన పన్నెండు నెలలను మళ్లీ గీయండి. పిల్లను పక్కన కూర్చోబెట్టుకుని, ఉండాలని ఉందా, ఇంటికి రావాలని ఉందా అని అడిగి, ఆమె చెప్పిన మాటను చెప్పినట్టే అందులో రాయండి.